వెల్లకిలా ఇంట్లో పండ్లు ఏరిందెవరు?

దెయ్యాలను నేను నమ్మను. ఇంటీరియర్ డిజైనర్‌ని. బతికున్న వడ్రంగి "రేపు వస్తానండీ" అంటేనే నమ్మని వృత్తి నాది. ఇక చచ్చిపోయినవాళ్లు వస్తారంటే ఎలా నమ్ముతాను?

అయినా ఇది రాస్తున్నానంటే కారణం విసుగు. ఈ సంగతి నలుగురికి చెప్పాను. ఆ నలుగురూ ఇంకో నలుగురికి చెప్పారు. తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి ఇందులోకి ఒక తెల్లచీర, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, ఊళ పెట్టే కుక్క వచ్చి చేరాయి. అందుకని ఉన్నది ఉన్నట్టు ఒకసారి రాసి పడేస్తే, అడిగినవాళ్లకు ఇదే పంపించి ఊరుకోవచ్చు. ఇందులో తెల్లచీర లేదు. చీకటి కూడా లేదు. అంతా మే నెల మిట్టమధ్యాహ్నం, ఒళ్లు మాడే ఎండలో జరిగింది. దెయ్యమైనా బుద్ధున్నదైతే ఆ టైంలో బయటికి రాదు.

నాకు నూజివీడులో ఒక చిన్న ఆఫీసు ఉంది. పనంటే ఎక్కువగా టీవీ యూనిట్లు, ఫాల్స్ సీలింగులు, వంటింటి అలమారాలు. ఈమధ్య క్లయింట్లు ఫోన్‌లో బొమ్మలు చూపించి "మాకు మిడ్-సెంచరీ మోడర్న్ కావాలండీ" అంటున్నారు. అంటే పోయిన శతాబ్దం మధ్యలో వచ్చిన తరహా ఇల్లు. నేలకు దగ్గరగా ఉండే కుర్చీలు, వాటికి ఏటవాలు కాళ్లు, పెద్ద కిటికీలు, గోడలు తక్కువ, వెలుతురు ఎక్కువ. నేను తల ఊపి ప్లైవుడ్‌తో దాని నకలు చేసి ఇస్తాను. అసలుది మాత్రం మా చుట్టుపక్కల ఒక్కటే ఉంది. రెడ్డిగూడెం దగ్గర ఒక మామిడితోటలో. దాన్ని చూసి ఊళ్లోవాళ్లు మెచ్చుకున్న దాఖలా లేదు. నవ్విన దాఖలాలు బోలెడు.

ఆ ఇల్లు కట్టింది గ్రేస్ టీచర్ వాళ్ల నాన్నగారు. గ్రేస్ టీచర్ నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. నాకు లెక్కలు రాలేదు, అది వేరే విషయం. ఆయన వయసులో ఉన్నప్పుడు ఏదో డ్యామ్ పనిలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారట. అక్కడ ఇంజినీర్ల బంగళాలు చూసి వచ్చి, పెళ్లి కాగానే తనే ప్లాను గీసుకుని ఈ ఇల్లు కట్టారు.

అందరి ఇళ్లకూ కప్పు మధ్యలో లేచి పక్కలకు వాలుతుంది. దీనికి పక్కలు రెండూ పైకి లేచి మధ్యలోకి వాలుతుంది. సీతాకోకచిలుక రెక్కలెత్తినట్టు అని మేం కాలేజీలో చదువుకున్నాం. ఊళ్లోవాళ్లకు అలా కనిపించలేదు. కప్పు వెల్లకిలా పడిందన్నారు. అప్పటినుంచి అది వెల్లకిలా ఇల్లు.

లోపల హాలుకూ, భోజనాల చోటుకూ, వంటింటికీ మధ్య గోడల్లేవు. "ఇటుకలు చాల్లేదేంటండీ?" అని అడిగేవారట. కింద నున్నటి మొజాయిక్ నేల. ఒక పక్క గోడంతా సిమెంట్ జాలీ. పెద్ద కిటికీ కింద ఈ చివరినుంచి ఆ చివరిదాకా, కూర్చుని పుస్తకం చదువుకోవడానికి కట్టిన మొజాయిక్ అరుగు. వీధిలో ఉండాల్సిన అరుగు ఇంట్లోకొచ్చిందని దానికీ నవ్వారు. ఇక టేకు కుర్చీలు. కూర్చోవడం సులువే, లేవడానికి మాత్రం ఇద్దరు సాయం పట్టాలి. నాకు ఆ ఇంట్లో అడుగుపెట్టగానే ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్లూ నేను అమ్ముతున్నది ఎంత నాసిరకం నకలో తెలిసింది.

నన్ను పిలిచింది అందం చూడటానికి కాదు, తీర్పు చెప్పడానికి. పోయినేడు గ్రేస్ టీచర్ వాళ్లమ్మగారు, అందరూ లిల్లీ అమ్మగారనేవారు, మామిడికాయల రోజుల్లోనే పోయారు. టీచర్ పెళ్లి చేసుకోలేదు. ఆ ఇంట్లోనే ఉంటారు. ఆవిడ తమ్ముడు సుధాకర్ గారు రోడ్డు మీద వేరే ఇల్లు కట్టుకున్నారు. కారే కప్పుతో ఈ పాత ఇల్లెందుకు, పడగొట్టి డూప్లెక్స్ కడదామని ఆయన. పడగొడితే నూజివీడులో అద్దె గదిలో ఉండాలి, నా వల్ల కాదని ఆవిడ. ఆస్తి ఇద్దరిదీ. మాటలు ఆగిపోయాయి. పాస్టరుగారు మధ్యలోకి వచ్చి, తెలిసినవాళ్ల చేత ఇల్లు పరీక్ష చేయించండి, గట్టిగా ఉంటే ఉంచండి, లేకపోతే తీసేయండి అన్నారు. నేను టీచర్‌కి శిష్యురాలిని, సుధాకర్ గారింట్లో ఫాల్స్ సీలింగు వేసినదాన్ని. ఇద్దరికీ నమ్మకమైన మనిషినని నన్ను పిలిచారు. ఇద్దరి తిట్లూ నాకే అని అర్థం.

నేను వెళ్లేసరికి ఆ అందమైన హాల్లో కుర్చీలన్నీ గోడవారకి నెట్టేసి ఉన్నాయి. నేలంతా వరిగడ్డి. గడ్డిలో మామిడికాయలు.

తోటంతా వ్యాపారికి ఇచ్చేసినా, ఇంటికని నాలుగు చెట్లు ఉంచుకోవడం మా వైపు అలవాటు. ఆ కాయలు ఇంట్లో చల్లటి చోట గడ్డి పరిచి మాగేస్తారు. ఈ ఇంట్లో హాలే చల్లన. అందుకని ఇల్లు కట్టిన మొదటి వేసవి నుంచీ ఆ హాలు కాయలదే. లిల్లీ అమ్మగారు రోజూ మధ్యాహ్నం గడ్డి తిరగేసి, పండినవి ఏరి, ముచ్చిక కిందికి పెట్టి అరుగు మీద వరసగా పేర్చేవారట. ఇంకో అలవాటు కూడా ఉంది. వాళ్ల చర్చిలో ప్రథమ ఫలాల ఆదివారం వస్తుంది. ఆ రోజు మొదటి పండ్లు దేవుడికి ఇచ్చేదాకా ఇంట్లో ఎవరూ కొత్త పండు ముట్టుకోరు.

ఆ రెండో అలవాటు నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు టీచర్ ఏదో ట్రైనింగుకని నూజివీడు వెళ్లారు. తాళం నాకిచ్చారు. నేను పొద్దున్నంతా కొలతలు తీసి, తాళం వేసి, సెంటర్లో మెస్‌కి వెళ్లి భోంచేసి వచ్చాను. తలుపు తీస్తే అరుగు మీద చిన్నరసాలు వరసగా ఉన్నాయి. పొద్దున అరుగు ఖాళీగా ఉంది. ఎలా తెలుసంటే దాని పొడవు కొలిచాను. టీచర్ మధ్యలో వచ్చి వెళ్లారనుకున్నాను. ఒకటి తిన్నాను. వివరాలు చెప్పను, వర్ణిస్తే మీకు బాధ. సరిగ్గా పండింది, అంతే.

సాయంత్రం టీచర్ వచ్చి అరుగు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇవెవరు ఏరారు?"

"మీరు కాదాండీ?"

"నేను పొద్దున పోయి ఇప్పుడేగా వస్తున్నాను. వాడొచ్చాడా? వాడి దగ్గర ఇంకో తాళం ఉంది."

సుధాకర్ గారు ఆ టైంకి బండి మీద రానే వచ్చారు, నా పరీక్ష ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి. అక్కాతమ్ముళ్లు ఎదురెదురుగా నిలబడి ఇద్దరూ నాతో మాట్లాడారు.

"చూడమ్మా, మొదటి పండ్లు దేవుడికివ్వకుండా ముట్టుకునేవాళ్లు మా ఇంట్లో ఎవరో మా అమ్మకి తెలుసని ఆయనకి చెప్పు."

"మేడం, నేను ఈ గడ్డిలో కాలు పెట్టి ఏడాదైందని ఆవిడకి చెప్పండి. ఇంట్లో ఎవరో తిరుగుతున్నారని కథ కట్టి, ఇల్లు పడగొట్టకుండా నన్ను భయపెట్టాలని చూస్తున్నారని కూడా చెప్పండి."

"భయపెట్టాలంటే పండ్లెందుకు ఏరతాను? వీడి పటం తెచ్చి అరుగు మీద పెట్టనూ?"

నేను తిన్న టెంక డస్ట్‌బిన్‌లో ఉంది. ఆ విషయం అప్పుడు ఎత్తడం సబబనిపించలేదు.

మర్నాడు టీచర్ మళ్లీ ట్రైనింగుకి వెళ్లాక, నేను ఇద్దరి తాళాలూ పక్కన పెట్టి, నా సామాన్ల పెట్టెకి వేసే తాళం తెచ్చి తలుపుకి వేశాను. దాని చెవి ఒక్కటే. నా మెడలో ఉంది. వెనక తలుపు లోపల గడియ. కిటికీలకు ఊచలు. జాలీ కంతల్లోంచి పిల్లి కూడా దూరదు. భోజనానికి ముందు, లోపల ఇటుక ఎలా ఉందో చూద్దామని అరుగు పక్క గోడకు ప్లాస్టరింగు కొంత చెక్కించాను. ఆ తెల్లటి దుమ్ము అరుగు ముందంతా పడింది. తుడిచే ఓపిక లేక అలాగే వదిలేసి వెళ్లాను. నా బద్ధకానికి శాస్త్రీయ ప్రయోజనం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

తిరిగి వచ్చేసరికి అరుగు మీద మళ్లీ పండ్లు. దుమ్ములో పనివాడి చెప్పుల అచ్చులు, నా చెప్పుల అచ్చులు. ఇద్దరివీ గోడవైపే ఉన్నాయి. గడ్డి నుంచి అరుగు దగ్గరికి ఒక్క అడుగూ లేదు.

కోతులన్నాను నాలో నేను. మా వైపు కోతులకు కొదవలేదు. కానీ కోతి పండు తింటుంది, సగం కొరికి మన మీద విసురుతుంది. ముచ్చిక కిందికి పెట్టి వరస పేర్చే కోతి ఉంటే దాన్ని నేనే ఉద్యోగంలో పెట్టుకుంటాను.

ఇంకో సంగతి. బంగినపల్లి పండితే పసుపు తిరుగుతుంది, ఎవరైనా ఏరొచ్చు. చిన్నరసం చాలాసార్లు పండినా పచ్చగానే ఉంటుంది. ముచ్చిక దగ్గర వాసన చూసి చెప్పాలి. నేను అరుగు మీదవి ఒక్కొక్కటీ వాసన చూశాను. అన్నీ పండినవే. గడ్డిలో మిగిలినవి చూశాను. అన్నీ కాయలే. వరస కూడా అరుగు చివరిదాకా లేదు. కిటికీ మూల ఒక మనిషి పట్టేంత చోటు వదిలేసి ఉంది.

అప్పుడు భయపడ్డావా అని అందరూ అడుగుతారు. నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. పొద్దున్నించీ కరెంటు లేదు, ఒళ్లంతా సిమెంటు, ఇప్పుడు ఇదొకటి. సాయంత్రం ఇద్దరికీ ఫోన్ చేసి, రేపు శనివారం, మీరిద్దరూ మధ్యాహ్నం వచ్చి నాతో కూర్చోండి, తేల్చుకుందాం అన్నాను.

వచ్చారు. లోపలినుంచి గడియ పెట్టాను. గోడవారనున్న టేకు కుర్చీలు మూడు లాగి అరుగుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాం. ముందు రెండు రోజుల పండ్లూ టీచర్ తీసి పక్కన పెట్టేశారు, అరుగు ఖాళీ. సుధాకర్ గారు చెప్పులు కూడా విప్పలేదు, ఇప్పుడే తేలిపోతుంది వెళ్లిపోతానన్నట్టు.

కాసేపటికి సుధాకర్ గారు కప్పు వంక చూశారు.

"వానొస్తే ఇక్కడంతా గిన్నెలు పెట్టేది అమ్మ. ఇలాంటి కప్పు ఎవడైనా వేస్తాడా?"

"కప్పు బాగానే ఉండేది. కాయలు కొట్టడానికని రాళ్లేసి పైన మధ్యలో వాననీళ్ల కాలువ పగలగొట్టిందెవరు?" టీచర్ ఈసారి నాకు చెప్పమనలేదు. నేరుగానే అన్నారు.

"అప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి!"

"రాయి పెద్దదే."

నాకు నవ్వాగలేదు. వాళ్లకూ ఆగదనుకున్నాను. కానీ ఆయన మొహం ఎర్రబడింది.

"ఇల్లు ఇల్లని ఏడుస్తావు. ఆఖరి రోజు కూడా అమ్మ ఈ నేలమీద వంగి గడ్డి తిరగేస్తూ ఉంది. గుండె నొప్పొస్తే పిలవడానికి పక్కన మనిషి లేదు. అమ్మని తిన్న ఇల్లిది. దీన్ని దాచుకుంటావా?"

"నేను ట్రైనింగులో ఉన్నాను సుధా. నువ్వెక్కడున్నావు?"

ఆయన వంగి చెప్పు సర్దుకున్నారు. టీచర్ తల దించుకున్నారు. వాళ్లిద్దరి మధ్య చిక్కుకుని నేను ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తున్నాను. అంతలో హాలంతా పండిన రసాల వాసన గుప్పున కొట్టింది. ముగ్గురం ఒకేసారి తలెత్తాం.

అరుగు మీద పండ్లు ఉన్నాయి.

కాపలాకి కూర్చున్నది ముగ్గురం. ఆ క్షణాన అరుగు వైపు చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మాకంటే సినిమాహాల్లో టార్చిలైటు వాడు నయం.

సుధాకర్ గారు ఎలా లేచారో, ఆ కుర్చీలోంచి ఎవరి సాయమూ లేకుండా లేచారు. అరుగు దగ్గరికి వెళ్లి, కిటికీ మూల ఖాళీగా ఉన్న చోట చెయ్యి ఆన్చి, వెంటనే తీసేశారు.

"వేడిగా ఉంది."

నేనూ చెయ్యి పెట్టాను. మిగతా అరుగంతా కుండలా చల్లగా ఉంది. ఆ ఒక్క చోట వెచ్చగా ఉంది. బస్సులో ఎవరో లేచిన సీట్లో మనం కూర్చుంటే ఉంటుందే, అలా. వెంటనే నా వృత్తి ధర్మం గుర్తొచ్చింది. ఎండేమో చూశాను. ఆ కిటికీ ఉత్తరం వైపు, పైన కప్పు రెక్క అడ్డం. ఎండ అక్కడికి రాదు, ఆ కప్పు గీసిందే అందుకు. అరుగు కింద డొల్ల ఉందేమోనని తట్టి చూశాను. గట్టి ఇటుక కట్టుబడి. పైపు లేదు, వైరు లేదు. ఆ రోజు కూడా అసలు కరెంటే లేదు.

సుధాకర్ గారు చెప్పులు విప్పి, తీసుకెళ్లి గుమ్మం దగ్గర పెట్టి వచ్చారు. వచ్చి గడ్డి అంచున నేలమీద కూర్చున్నారు.

"ఇల్లు ఉంచేద్దాం అక్కా," అన్నారు.

టీచర్ అరుగు వైపే చూస్తున్నారు.

"పడగొట్టేద్దాం రా."

నేను సరిగ్గానే విన్నానా అని నాకు అనుమానమొచ్చింది. సుధాకర్ గారికీ వచ్చింది.

"నాన్న ఈ హాలు కూర్చోడానికి కట్టాడు," అన్నారు టీచర్. "అమ్మ ఒక్క ఎండాకాలం కూర్చోలేదు. డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను, నువ్వు చెప్పావు. ఎవరి మాటైనా విందా? అయ్యో కాయలు మురిగిపోతాయి అనేది. పోయినప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? ఏడుస్తూనే అనుకున్నాను, పోన్లే, ఇకనైనా నడుం వాలుస్తుంది అని. ఇప్పుడు చూడు. చచ్చిపోయి కూడా వంగే ఉంది. ఈ ఇల్లు ఉన్నన్నాళ్లూ ఆవిడకి పని తప్పదంటే, నాకు ఈ ఇల్లొద్దు. నేను అద్దె గదిలో ఉంటాను."

"అమ్మ ఉందని తెలిశాక పడగొట్టమంటావా? మనిషివేనా నువ్వు?"

"ఉందని తెలిశాకే."

మళ్లీ గొడవ మొదలైంది. గంట కిందట ఎవరు ఏ పక్షమో ఇప్పుడు అటుది ఇటైంది, అరుపులు మాత్రం అవే. నేను ఒళ్లంతా దుమ్ముతో, ఆకలితో, ఈ కుటుంబంలో ఏ తరానికి నా రిపోర్టు ఇవ్వాలో తెలియక నిలబడ్డాను. ఇంటికెళ్లి స్నానం చేయాలన్న ఒక్క కోరికతో అన్నాను:

"ఇల్లు పడగొట్టే ముందు ఒకసారి గడ్డి తీసేసి చూడొచ్చు కదండీ?"

ఇద్దరూ నా వంక చూశారు. చిన్నప్పుడు నేను పొరపాటున ఒక లెక్క సరిగ్గా చేసినప్పుడు కూడా టీచర్ అలాగే చూశారు.

ఆ మధ్యాహ్నమే తీసేశాం. కాయలు బుట్టలకెత్తి సుధాకర్ గారి షెడ్డుకి పంపించాం. గడ్డి మోపులు కట్టి బయట వేశాం. టీచర్ నేల కడిగారు. ఆయన నీళ్లు తెచ్చి పోశారు. అరుగు మీది పండ్లు మాత్రం విడిగా ఒక బుట్టలో పెట్టారు, మర్నాడు చర్చిలో ప్రథమ ఫలాలకి. కడిగిన నేల ఆరుతుంటే టీచర్ ఆ మూలకి తిరిగి మామూలుగా, పక్కింటావిడతో చెప్పినట్టు చెప్పారు.

"అయిపోయిందమ్మా. ఇక ఈ ఇంట్లో కాయలు వెయ్యం. నువ్వు లే."

"అలా లేచిపొమ్మంటావేంటక్కా, మర్యాద లేకుండా!" అన్నారు సుధాకర్ గారు.

ఆదివారం చర్చిలో కానుకగా వచ్చిన పండ్లు వేలం వేస్తే, ఆ బుట్ట సుధాకర్ గారే పాడుకున్నారట. పోటీకి ఎవరూ లేకపోయినా తన పాట మీద తనే ఇంకోటి పాడారని టీచర్ చెప్పారు. షెడ్డులో కాయలు సగం మురిగిపోయాయి. తిరగేసే మనిషి లేక.

నేను రిపోర్టు ఇచ్చాను. గోడలూ స్లాబూ గట్టివి, మధ్య కాలువ బాగుచేస్తే చాలు అని. అది నిజం. గోడలోపల ఏముందో చూసినప్పుడే తెలిసింది, పండ్లకూ దానికీ సంబంధం లేదు. ఇల్లు ఉంది. టీచర్ అందులోనే ఉన్నారు. కాలువ పని చూడ్డానికి వెళ్లినప్పుడల్లా నేను ఏదో ఒక వంకతో ఆ మూల చెయ్యి పెట్టి చూస్తాను. చల్లగానే ఉంటుంది. ఆ శనివారం తర్వాత ఏమీ జరగలేదు. టీచర్ అటక మీద నాలుగు కాయలు మాగేసుకున్నా ఎవరూ వాటి జోలికి రాలేదు.

నా వంతు ప్రయత్నం నేను చేశాను. సుధాకర్ గారి తాళం అనుకుంటే, రెండో రోజు ఉన్నది నా తాళం. టీచర్ నాటకం అనుకుంటే, మూడో రోజు ఆవిడ నా పక్కన, లేవడానికి వీల్లేని కుర్చీలో ఉన్నారు. ఎండదెబ్బకు ముగ్గురికీ ఒకటే భ్రమ కలిగిందనుకుంటే, భ్రమలో ఉన్న పండు తింటే చేతికి అంత జిగురు అంటదు. దుమ్ములో అడుగులు ఎందుకు లేవో, అరుగు మూల ఎలా వెచ్చబడిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

పోనీ దెయ్యాలున్నాయని ఒప్పేసుకుందామన్నా అక్కడా ఒక చిక్కుంది. డాక్టరు చెప్పినా, కొడుకు చెప్పినా, బతికుండగా ఒక్క మధ్యాహ్నం పని ఆపని ఆవిడ, పోయాక కూతురు ఒక్క మాట అంటే లేచి వెళ్లిపోయిందట. మా అమ్మను చూస్తూ పెరిగిన దాన్ని. దెయ్యాన్నైనా నమ్ముతాను గానీ, అదెలా నమ్మమంటారు?